గులాబీ రంగు

ముప్పై ఒక్క ఏండ్లు నీళ్ళను అడుగుతనే ఉన్న.
నాళికల ఇన్ని నీళ్ళు, నాలుగు చుక్కల మందు,
ఐదు నిమిషాలు ఆగుడు.
గులాబీగ నిలిస్తే తాగొచ్చు,
పసుపుకు తిరిగితే తాగొద్దు.
పసుపు శుభమని లోకమంటది గని
మా ల్యాబుల మటుకు కాదు.
పెండ్లిపత్రిక మూలకు పూసిన పసుపు చూసినా
నాకు మొదలు మర్రిగూడ బోరే యాదికొచ్చేది.

ఇప్పుడు బల్ల మీద సీసాలు లేవు,
ఎస్తేరు పంపిన కాయితాలున్నయి.
చియాంగ్ మై.
ఆ పేరు నోరు తిరగనీకె నాకు వారం పట్టింది.
"ఆడ నువ్వొక్కదానివి, ఈడ నేనొక్కదాన్ని,
రెండు ఒకట్లు పక్కపక్కన పెడితే పదకొండే" అంటది.
దవాఖానల నర్సుగ చేసినామె,
లెక్కలు ఎప్పుడూ గట్లనే చేస్తది.

నిరుడు పది రోజులు పోయి చూసొచ్చిన.
కొండగాలి చల్లగ, రోడ్లు సాఫుగ,
ఇంటి కిరాయి మన హైదరాబాద్ రోడ్డు కంటె వెయ్యి ఎక్కువ.
చింతకాయ మాత్రం తియ్యగుంది!
తియ్యటి చింతకాయను నమ్మాల్నా వద్దా అని
రెండు రోజులు తేల్చుకోలేకపోయిన.
నడుం గుంజుతుందని పోతే డాక్టరమ్మ ఒక అట్ట చూపింది.
నవ్వే మొఖం నుంచి ఏడ్చే మొఖం దాకా ఆరు బొమ్మలు,
ఏలు పెట్టి చూపమంది.
గుంజుడు వేరు, సలుపుడు వేరు, తీపు వేరు గదమ్మా,
ఏ మొఖం మీద పెట్టాలె ఏలు?

వచ్చేటప్పుడు ఆడి నల్లా నీళ్ళు ఒక సీసా
చీరెల చుట్టి తెచ్చిన.
రిటైర్మెంటుకు ఇంకా వారం ఉండె.
అందరు చాయకు పోయినంక నాలుగు చుక్కలేసిన.
గులాబీ.
పక్కకు మన పానగల్లు నల్లా నీళ్ళు పెట్టిన.
అవీ గులాబీయే.
కృష్ణ నీళ్ళొచ్చి కొన్నేండ్లాయె.
చేతిల ఉన్న ఒక్క కారణం గట్ల పోయింది.
రెండు నాళికలు ఒక్క తీరుగ నిలబడి
నా మొఖం చూసినయి.

"ఆడ సస్తె ఎవరు మోస్తరు?" అన్నడు తమ్ముడు.
ఈడ బతుకంగ ఎవరు మోసిండ్రో అడగలేదు నేను.
ట్రెజరీల వహీద్ సాబు కండ్లద్దాలు పైకి జరిపి
"ఏడున్నా సరే మేడం, నవంబర్ల మాత్రం
బతికున్నట్టు కాయితం పంపాలె" అన్నడు.
బతికున్ననని రాసియ్యనీకె
నన్నెరిగినోళ్ళు ఒకరన్నా ఉండొద్దా ఆడ?

పోయిన సోమారం మర్రిగూడ బస్సెక్కిన.
సైదులు అరుగు మీదనే ఉన్నడు.
నాకంటె ఆరేండ్లు చిన్నోడు.
ఎన్నుపూస వంగి వంగి, చూపు నేలను దాటదు.
"చెప్పులు మారినయే, నీళ్ళ మేడం" అన్నడు.
ఇన్నేండ్లు నన్ను పాదాలతోటే గుర్తుపట్టిండని
నాకప్పటిదాకా తెల్వదు.
చెప్పిన. అంతా చెప్పిన,
చింతకాయ ముచ్చట తోటి సహా.
ఉండుమంటడనుకున్న. ఉండుమంటడనే పోయిన కావచ్చు.
"ఆ ఏడు బోరుకు ఎర్రరంగు పూసి
ఈ నీళ్ళు వద్దు, కాళ్ళున్నప్పుడే యాడికన్న పోండ్రని
నువ్వే మొత్తుకుంటివి.
మేం ఇనకపోతిమి.
నీ మాట నువ్వన్నా ఇను."
గంతే అన్నడు.
మనుమరాలు తెచ్చిన చెంబు నా దిక్కు జరిపిండు.
రంగు చూడకుండ తాగిన.

పొద్దుమూకినంక లైటేసుకొని కూసున్న.
కాయితంల ఒక గడి: ఎంత కాలం ఉండదల్చిండ్రు?
రంగు తేలేదాక నాళికను కదిలియ్యొద్దని
కొత్తగొచ్చిన పిల్లలకు ఎన్నిసార్లు చెప్పిననో.
ఒక ఏడు అని రాసిన.
పెన్సిలుతోటి.
కింద సంతకం మాత్రం పెన్నుతోనే పెట్టాల్నంట.
పెన్ను కోసం లేసిన,
నడుం గుంజింది.